ఎలుక కొరకని వైరు

మా ఎలక్ట్రికల్ షాపుకి పాడైన వస్తువు పట్టుకొచ్చే వాళ్లందరూ మొదట ఒకటే మాట అంటారు. "నేనేం చెయ్యలేదండీ, దానంతటదే పోయింది." మిక్సీ కాలిపోయినా అదే మాట, ఇస్త్రీపెట్టె కిందపడి పగిలినా అదే మాట. ఫ్యాను రెక్క దానంతటది ఎలా వంగుతుందో ఇంతవరకు నాకెవరూ చెప్పలేదు. నేనూ గుచ్చి గుచ్చి అడగను. అడిగితే బేరం పక్క వీధికి పోతుంది. ఇన్నేళ్లుగా ఈ అబద్ధాలు వింటూ, తల ఊపుతూ బతికినవాణ్ని కాబట్టి ఏ వస్తువు ఎందుకు పాడైందో చూడగానే చెప్పేస్తానని నాకో పొగరు ఉండేది. ఆ పొగరు దువ్వెనాయన ఇంట్లో దిగిపోయింది.

ఒకరోజు పొద్దున్న ఆయన కూతురు షాపుకొచ్చింది. వాళ్లు మా మేడ మీదే, వెనకవైపు వాటాలో ఉంటారు. చేతిసంచిలోంచి తెల్లటి సన్నటి వైరు తీసి బల్ల మీద పెట్టింది. గదిలో పెట్టుకునే కెమెరాకి కరెంటు అందించే వైరు అది. ఒక చివర గోడకి గుచ్చే అడాప్టర్, ఇంకో చివర కెమెరాలో దూరే చిన్న పిన్ను. మధ్యలో ఒకచోట తొడుగు చిరిగి, లోపలి రాగితీగలు తెగి, చింపిరి జుట్టులా బయటికొచ్చి ఉన్నాయి.

దానంతటదే పోయిందని ఈ పిల్ల అనలేదు. ఎలా తెగిందో చూసి చెప్పమంది. తొందరగా చెప్పమంది, ఫ్యాక్టరీ బస్సు వచ్చే వేళయిందట. నేను కళ్లద్దాలు పెట్టుకుని, వైరుని వెలుతురుకి పట్టి, ముందుకీ వెనక్కీ తిప్పి, పెద్ద డాక్టరులా గొంతు సవరించుకున్నాను. తొడుగు మీద సన్నటి వంపు తిరిగిన గాట్లు, ఒకదాని పక్కన ఒకటి.

"ఎలుకమ్మా" అన్నాను. "పళ్లు చూడు, ఎంత చక్కగా పడ్డాయో."

కొత్త వైరు తీసుకుని పరుగున మేడెక్కింది. పెట్టి, ఫోనులో బొమ్మ వస్తోందని చూసుకుని, మళ్లీ పరుగున దిగి బస్సు అందుకుంది. ఆ పిల్ల నడవడం నేను చూసి చాలాకాలమైంది. ఎప్పుడూ పరుగే.

దువ్వెనాయన సంగతి చెప్పాలి. ఆయన సెలూన్ మా షాపుకి ఆనుకునే ఉండేది. ఇప్పుడక్కడ ఫోన్లకి అట్టలు, తొడుగులు అమ్ముతున్నారు. చెవి వెనక ఎప్పుడూ ఒక దువ్వెన ఉండేది కాబట్టి వీధి వీధంతా దువ్వెనాయన అనేవాళ్లు, పేరు అడిగిన వాళ్లు లేరు. పొద్దున్నే షట్టరు ఎత్తగానే మొదట తన తల తను దువ్వుకునేవాడు. పాపిడి తీశాడంటే స్కేలు పెట్టి గీసినట్టు ఉండేది. తన తల చూసే కదా జనం లోపలికొచ్చేది అనేవాడు. నా తల సంగతి వేరు. ముప్పై దాటకముందే నా నెత్తి మీద జుట్టు నన్ను విడిచి వెళ్లిపోయింది. నాకు క్షవరం చేసినప్పుడల్లా, కత్తిరించినందుకు కాదు, వెతికినందుకు డబ్బు తీసుకుంటున్నానని అందరి ముందూ అనేవాడు. వినీ వినీ చెవులు చిల్లులు పడ్డా ప్రతిసారీ నవ్వొచ్చేది.

గెడ్డం కింద కత్తి పెట్టేముందు మాత్రం నవ్వు ఆపేసేవాడు. "కదలకండి" అనేవాడు. చంటిపిల్లాడికైనా అండీ తగిలించే చెప్పేవాడు. కత్తి చేతిలో ఉన్నవాడు ఎదుటివాణ్ని మర్యాదగా పిలవాలని ఆయన లెక్క.

ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది, ఇంకే సెలూన్లోనూ నేను చూడలేదు. జబ్బు చేసి జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడిపోతున్న మనిషి వచ్చాడనుకోండి, లేదా మొహం కాలిన మనిషి, లేదా ఎక్కడో ఏడ్చి ఏడ్చి వచ్చి కూర్చున్న మనిషి. దువ్వెనాయన ఒక్క ముక్క అడిగేవాడు కాదు. కుర్చీ వీపు మీద అరచెయ్యి ఆనించి, మెల్లగా పక్కకి తిప్పేసేవాడు. అద్దం ఆ మనిషి వెనక్కి పోయేది, ఎదురుగా ఖాళీ గోడ వచ్చేది. మొత్తం పని ఆ గోడవైపే చేసేవాడు. అయ్యాక ఆ మనిషి తలెత్తి అడిగితే అద్దం వైపు తిప్పేవాడు, లేదంటే అలాగే దింపి పంపేవాడు.

కూతురు చిన్నప్పుడు బడి అయ్యాక వచ్చి నేల మీద జుట్టు ఊడ్చేది. ఒకసారి ఎందుకలా తిప్పుతావని అడిగింది. అప్పుడు నేనక్కడే పేపరు చదువుతున్నాను.

"కొన్ని రోజులు మనిషికి తన మొహమే తనకి బరువమ్మా. అప్పుడు ఎవరూ చూడకూడదు. అద్దమైనా సరే."

ఆ పిల్లకి ఎంత అర్థమైందో తెలియదు గానీ, ఆ తర్వాత అలాంటి మనిషి కుర్చీలో ఉంటే తను కూడా తల వంచుకుని ఊడ్చేది.

పిల్ల పెరిగింది, పెళ్లయింది, కుదరలేదు, తిరిగొచ్చింది. అంతకుమించి ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. తల్లి లేని ఇల్లు. బ్రెడ్డు ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనికి కుదిరింది. తండ్రీకూతుళ్లు పొద్దున్న కలిసి మెట్లు దిగేవాళ్లు, ఆయన కుడివైపుకి, ఆమె ఎడమవైపుకి. బాగానే ఉన్నారని అనుకున్నాం.

ఒక ఉదయం ఆయన చేతిలోంచి దువ్వెన జారి కిందపడింది. వంగి తీసుకోబోయి తీసుకోలేకపోయాడు. కుడిచెయ్యి, కుడికాలు ఆ పూటే పోయాయి. మాట కూడా పోయింది, ఒక్కటి తప్ప. నాలుక బాగా అలవాటుపడ్డ మాట ఒక్కోసారి అలా మిగిలిపోతుందని డాక్టరు చెప్పాడట. ఆయనకి "కదలకండి" మిగిలింది. ఆకలేస్తే కదలకండి, నీళ్లు కావాలంటే కదలకండి, కోపమొస్తే కదలకండి. మంచంలోంచి కదల్లేని మనిషి వచ్చినవాళ్లందరికీ అదే చెబుతుంటే మొదట్లో మాకు నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. కూతురు మాత్రం గొంతునిబట్టి ఏది దేనికో పట్టేసేది.

ఆమె పనికి వెళ్లక తప్పదు. మనిషిని పెట్టుకునే స్తోమత లేదు. పొద్దున్నే ఆయనకి ఒళ్లు తుడిచి, బట్టలు మార్చి, తల దువ్వి, తినిపించి వెళ్లేది. మధ్యాహ్నం మా ఆవిడ వెళ్లి నాలుగు ముద్దలు పెట్టి వచ్చేది. ఒకరోజు మా ఆవిడ ఊళ్లో లేదు. నేను వెళ్తానన్నాను గానీ బేరాల్లో పడి పొద్దు వాలాక గుర్తొచ్చింది, వెళ్లి తలుపు సందులోంచి పిలిస్తే పలకలేదు, పడుకున్నాడనుకుని దిగొచ్చేశాను. ఆయన మంచం మీద లేడు. కూతురు పనికి వెళ్లిన కాసేపటికే జారి కిందపడి, సాయంత్రం ఆమె వచ్చేదాకా నేల మీదే ఉన్నాడు. ఒకవైపు చెంప చొంగతో, చెమటతో నేలకి అతుక్కుపోయి ఉందట.

మర్నాడే కెమెరా కావాలని వచ్చింది. నేనే వెళ్లి బీరువా మీద బిగించాను, మంచం మొత్తం కనబడేలా. దానికి మైకూ, చిన్న స్పీకరూ కూడా ఉన్నాయి. ఫ్యాక్టరీలో ఫోన్లు లాకర్లో పెట్టేస్తారు, విరామాల్లో మాత్రం తీసుకోవచ్చు. విరామం గంట మోగగానే ఫోను తెరిచి తండ్రిని చూసుకునేది. నాన్నా నేనే, నీళ్లు తాగావా అని అడిగేది. బీరువా మీదనుంచి కూతురి గొంతు వినబడగానే ఆయన మొహం ఇంత చేసుకుని కదలకండి అనేవాడు. ఆమె అక్కడ నవ్వేది. కొన్నాళ్లు ఆ ఇంట్లో కాస్త వెలుతురు వచ్చినట్టే ఉంది.

ఆ తర్వాతే వైరు తెగింది.

నేను అమ్మిన కొత్త వైరు వారం తిరక్కుండానే మళ్లీ తెగింది. అవే గాట్లు. నాకు ఒళ్లు మండింది. ఎలుక ఆ ఇంటిమీద కాదు, నామీద పగబట్టినట్టు అనిపించింది. బోను ఇచ్చాను. బోనులో పెట్టిన రొట్టెముక్క ఎండి రాయయింది గానీ ఒక్క ఎలుకా పడలేదు. జిగురు అట్ట పెట్టించాను, దానికి మా ఆవిడ చెప్పు అంటుకుంది. చివరికి షాపు వెనక తిరిగే పిల్లిని సంకన పెట్టుకెళ్లి ఆ గదిలో వదిలాను. దువ్వెనాయన దాన్ని చూసి గట్టిగా కదలకండి అన్నాడు. పిల్లి ఆయన మాట వినకుండా కిటికీలోంచి దూకి పోయింది. ఆయన మూతి ఒకపక్కకి లాగి నవ్వాడు. ఆ నవ్వు చూసి నేను కూడా మంచం పట్టుకుని నవ్వాను. ఆ నవ్వు ఎందుకో అప్పుడు తెలియలేదు.

కూతురు మాత్రం నవ్వే స్థితిలో లేదు. వైరు తెగిన రోజు విరామంలో ఫోను తెరిస్తే నల్లటి తెర. నేల మీద పడి ఉన్నాడో, మంచం మీదే ఉన్నాడో తెలియదు. నాకు ఫోను చేసి, నేనెత్తకపోతే ఇక కాలూ చెయ్యీ ఆడేది కాదు. రెండుసార్లు పని మధ్యలో సూపర్‌వైజరుని బతిమాలుకుని ఇంటికి పరిగెత్తుకొచ్చింది. రెండోసారి ఆ సూపర్‌వైజరు చిన్నగానే చెప్పాడట, ఇంకోసారి ఇలా వెళ్తే మళ్లీ రానక్కర్లేదని. ఆ పని పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. ఆమె నా బల్ల దగ్గర నిలబడి ఇదంతా చెప్పి, ఎలుక కొరకని వైరు ఏదైనా ఉంటే ఇవ్వు బాబాయ్ అంది.

ఎలుక కొరకని వైరు ఎక్కడా ఉండదు. కానీ వైరుని ఎలుకకి అందకుండా చెయ్యొచ్చు. ఆ గదిలో స్విచ్‌బోర్డు ఒక్కటే, మంచం తల దగ్గర, ఎడమవైపు. బీరువా మీదనుంచి వైరు గోడ వెంట దిగి మంచం వెనక నుంచి ఆ బోర్డుకి వెళ్లాలి. తెగేది ఎప్పుడూ అక్కడే. వంటగది గోడకి కన్నం వేసి, కరెంటు అటునుంచి తెచ్చి, బీరువాదాకా వైరు మొత్తం గట్టి పైపులో దూర్చి, మనిషెత్తు పైన బిగించేస్తే పీడా పోతుందని లెక్క వేశాను. ఆమెకి సెలవున్న రోజు చూసి డ్రిల్లు, పైపు, క్లిప్పులు, కొత్త వైరు తీసుకుని మేడెక్కాను.

ఆ పాటికి వైరు మూడోసారి కూడా తెగి ఉంది. దాన్ని పీకేయడానికి మంచాన్ని గోడ నుంచి కొంచెం లాగాలి. ఆయన మంచం మీదే ఉన్నాడు. కూతురు కాళ్లవైపు, నేను తలవైపు పట్టుకుని లాగాం. దిండు పక్కకి జారింది. దిండు కిందనుంచి ఏదో జారి నేలమీద టంగున పడింది.

గోళ్లు కత్తిరించుకునే కట్టరు. వంగి తీసింది ఆమె. నేను పక్కనే ఉన్నాను కాబట్టి చూశాను. కట్టరు నోట్లో తెల్లటి ప్లాస్టిక్ ముక్కలు ఇరుక్కుని ఉన్నాయి. ఒక రాగి పోగు కూడా.

వంపు తిరిగిన గాట్లు ఒకదాని పక్కన ఒకటి ఎలా పడ్డాయో అప్పుడు తెలిసింది. ఒక్క ఎడమచేత్తో, తలవెనక్కి చెయ్యి పెట్టి, చూడకుండా, కొంచెం కొంచెంగా కొరికించి ఉంటాడు. ఎన్నాళ్లు పట్టి ఉంటుందో. నేను ఇంకా నోరు మూసుకోలేక ఎలుక అని ఏదో మొదలుపెట్టి ఆపేశాను.

ఆమె కట్టరుని అరచేతిలో పెట్టుకుని తండ్రికి చూపించింది. అడ్డంగా దొరికిపోయిన మనిషి మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు, షాపులో రోజూ చూస్తాను. ఆయన మొహం అలా లేదు. కళ్లు దించుకోలేదు. సూటిగా కూతురి వైపే చూశాడు.

కోప్పడుతుందనుకున్నాను. ఆమె మంచం అంచున కూర్చుని నాతో మాట్లాడింది, ఆయనతో కాదు.

"ఆ రోజు నుంచే బాబాయ్. విరామంలో నేను ఫోను చూస్తుంటే నా పక్కవాళ్లు వచ్చారు. మా నాన్న ఎంత బాగా తల దువ్వుకునేవాడో రోజూ చెప్తుంటాను కదా, చూపించమన్నారు. చూపించాను. అయ్యో పాపం, నోట్లోంచి కారుతోందే, తుడిచేవాళ్లు లేరా అన్నారు. ఒకామె ఏడ్చింది కూడా. స్పీకరు ఆపి లేదని నేను చూసుకోలేదు. ఆ మాటలన్నీ ఇక్కడ వినబడ్డాయి."

దువ్వెనాయన అంతా వింటున్నాడు. ఆమె ఆపాక ఎడమచెయ్యి పైకెత్తాడు. అరచేతిని గాల్లో నిలబెట్టి, అక్కడేదో ఉన్నట్టు ఆనించి, మెల్లగా పక్కకి తిప్పాడు. మళ్లీ ఎత్తాడు, మళ్లీ తిప్పాడు.

కుర్చీ తిప్పమంటున్నాడు. ఇన్నేళ్లు ఎందరికో, వాళ్లు అడక్కుండానే చేసిన పని, ఇప్పుడు తనకి చెయ్యమని అడుగుతున్నాడు. కూతురికి నాకంటే ముందే అర్థమైంది. చిన్నప్పుడు ఆ కుర్చీ చుట్టూ ఊడ్చిన పిల్ల. ఆయన ఎత్తిన చేతిని రెండు చేతులతో పట్టుకుని కిందికి దించింది.

"నాన్నా, నువ్వు కింద పడ్డరోజు నీ చెంపని నేలమీద నుంచి నేను చేత్తో ఊడదీశాను. ఇంకోసారి నావల్ల కాదు. నేను తిప్పలేను."

"కదలకండి" అన్నాడు ఆయన. చాలా చిన్నగా అన్నాడు. ఆ గొంతు ఏ గొంతో నాకు తెలియదు. ఆమెకి తెలిసే ఉంటుంది, చేతులు వదిలేసి లేచి నిలబడింది. కన్నం వెయ్యి బాబాయ్ అంది.

వేశాను. నాకు డ్రిల్లు ఆపేసి కిందికి పోవాలనిపించింది. ఆపితే ఏం చెయ్యాలి? కెమెరా తీసేస్తే ఆమె ఫ్యాక్టరీలో నిలవలేదు. ఫ్యాక్టరీ మానేస్తే తిండి లేదు. మా ఆవిడా నేనూ ఎంత చేసినా రోజంతా ఆయన పక్కన కూర్చోలేం, మాకూ బతుకుంది. ఎటు తిప్పి చూసినా దారి కనబడలేదు. ఎవరి తప్పూ లేని చోట మనిషికి తిట్టుకోవడానిక్కూడా ఎవరూ దొరకరు. గోడ పొడి ఆయన జుట్టు మీద పడుతుంటే ఆమె కొంగుతో దులిపి, మళ్లీ పాపిడి తీసి దువ్వింది. దువ్వుతున్నంతసేపూ ఆయన కళ్లు మూసుకున్నాడు. పైపు బిగించాను. లాగి చూశాను, చెక్కుచెదరలేదు. ఆమె ఫోను తెరిచి చూపించింది, బొమ్మ అద్దంలా ఉంది. అందులో ముగ్గురం కనబడ్డాం.

మర్నాటి నుంచి ఆయన గోడవైపు తిరగడం మొదలుపెట్టాడు. మంచం మూలలో ఉంది, కుడిపక్క గోడ. ఎడమచేత్తో మంచం అవతలి పట్టీ పట్టుకుని, ఒంటిని ఈడ్చుకుని, చచ్చుబడిన కుడివైపు మీదికే ఒరిగిపోయేవాడు. కెమెరాకి వీపు తప్ప ఏమీ కనబడేది కాదు. ఆ పక్క మీద ఎక్కువసేపు పడుకుంటే పుండ్లు పడతాయని డాక్టరు ముందే చెప్పాడు. సాయంత్రం కూతురు వచ్చి తిప్పి, దిండు అడ్డం పెట్టి, ఎర్రబడిన చోట మందు రాసేది. పొద్దున్న ఆమె మెట్లు దిగగానే ఆయన దిండు తోసేసి మళ్లీ గోడవైపు తిరిగేవాడు.

నేను ఒక ఉపాయం చెప్పాను. ఇంకో కెమెరా తెచ్చి గోడవైపు నుంచి పెడితే మొహం కనబడుతుంది కదా అన్నాను. షాపువాడి బుద్ధి. ఆమె నావైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను.

"తిరగడానికి ఆ ఒక్క పక్కైనా మిగలనీ బాబాయ్."

అలా ఆమె విరామాల్లో తండ్రి వీపు చూసుకునేది. దుప్పటి లేస్తోందా, పడుతోందా అని చూసేది. అంత దూరం నుంచి, అంత చిన్న తెరలో, ఊపిరి తెలియదు. తెలియక విరామమంతా అలాగే నిలబడిపోయేది, తెచ్చుకున్న డబ్బా తెరవకుండానే గంట మోగేది. చివరికి ఒకరోజు స్పీకరులో అడిగిందట. నాన్నా, నువ్వు అటే చూడు, నేను తిరగమనను, ఒక్కసారి చెయ్యి ఎత్తు చాలు అని. ఆయన గోడవైపే ఉండి ఎడమచెయ్యి కొంచెం ఎత్తి దించాడు. సెలూన్లో కుర్చీ ఖాళీ అయినప్పుడు తర్వాతి మనిషిని పిలవడానికి అలాగే ఎత్తేవాడు.

ఆ సాయంత్రం ఆమె షాపు ముందు ఆగి, ఆ సంగతి చెప్పింది. మొహంలో చిన్న నవ్వు. ఆ రోజు నుంచి ఆయన పొద్దున విరామంలో ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి చెయ్యెత్తేవాడు. తండ్రీకూతుళ్లకి ఆ మాత్రం మాటలు మిగిలాయి. నేను కూడా కాస్త ఊపిరి పీల్చుకున్నాను. ఇలా గడిచిపోతుందిలే అనుకున్నాను.

గడవలేదు. ఒక మధ్యాహ్నం బల్బులు సర్దుతుంటే ఫోను మోగింది. ఫ్యాక్టరీ నుంచి ఆమె.

"బాబాయ్, చెయ్యి ఎత్తడం లేదు. ఎన్నిసార్లు పిలిచినా ఎత్తడం లేదు. ఒక్కసారి పైకెళ్లు."

షాపు అలాగే వదిలేసి మెట్లెక్కాను. ఈ పరుగు ఆమె ఎన్నిసార్లు పరిగెత్తిందో అనిపించింది. మా దగ్గరున్న తాళంచెవితో తలుపు తీశాను. గదిలో అంతా మామూలుగా ఉంది. బీరువా మీద కెమెరా ఎర్రటి చుక్క వెలుగుతోంది. ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. వీపు మీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది. ఒంగి మొహంలోకి చూశాను.

కళ్లు తెరిచే ఉన్నాయి. పూర్తి మెలకువలో ఉన్నాడు. నన్ను చూశాడు, గుర్తుపట్టాడు. ఎడమచెయ్యి గుండెల మీద ఉంది, వేళ్ల మధ్య దువ్వెన. ఆ చేతికి ఏమీ కాలేదు. కావాలంటే ఎత్తగలడు. కూతురు ఎన్నిసార్లు పిలిచిందో అన్నిసార్లూ విన్నాడు.

అన్నా, చెయ్యెత్తు, పిల్ల అక్కడ ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఉంది అన్నాను. ఆయన నా కళ్లలోకి కాసేపు చూసి, మళ్లీ గోడని చూశాడు. కదలకండి అని కూడా అనలేదు. ఇన్నాళ్లూ ఆ ఒక్క మాటైనా అనేవాడు. ఆ పూట దాన్ని కూడా తన దగ్గరే ఉంచేసుకున్నాడు.

వెనకనుంచి, బీరువా మీదనుంచి ఆమె గొంతు వచ్చింది.

"బాబాయ్, నాన్న ఉన్నాడా?"

"ఉన్నాడమ్మా."

"మరి చెయ్యి?"

వెనక్కి తిరగలేకపోయాను. తిరిగితే నా మొహం కనబడుతుంది. నిద్రపోతున్నాడమ్మా అన్నాను. బీరువా వైపు నుంచి దూరంగా మిషన్ల రొద వినబడింది.

"నిద్రపోతే నాన్నకి గురక వస్తుంది బాబాయ్" అంది. కోపంగా అనలేదు. "సరే. ఉన్నాడు కదా. గంట కొట్టారు, వెళ్లాలి."

దువ్వెనాయన ఆ తర్వాత మళ్లీ చెయ్యెత్తలేదు. కూతురు సాయంత్రం వచ్చి ఆయన్ని తిప్పుతుంది, తుడుస్తుంది, పాపిడి తీస్తుంది, ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటుంది. ఆయన వద్దనడు, కావాలనడు. చెయ్యి ఎందుకెత్తలేదని ఆమె ఆయన్ని అడగలేదని మా ఆవిడ చెప్పింది. అడిగితే ఏం చెబుతాడోనన్న భయం ఆమెకుంటుందని నేననుకుంటాను. నాకైతే ఉంది.

ఆ వైరుకి మాత్రం ఏమీ కాలేదు. నా షాపులో అమ్మిన సరుకుల్లో ఇంత గట్టిగా నిలబడింది ఇంకోటి లేదు. ఎవరైనా కెమెరా వైరు తెగిందని వస్తే నేనిప్పుడు గాట్లు చూడను, ఎలా తెగిందో అడగను. కొత్తది ఇచ్చి పంపేస్తాను.

విరామాల్లో ఆమె కెమెరా తెరుస్తుందో లేదో నాకు తెలియదు. నాకు మాత్రం ఫోను చేస్తుంది. ఉన్నాడా అని అడుగుతుంది. నేను మేడెక్కి, ఒంగి చూసి, ఉన్నాడని చెబుతాను. చెప్పేటప్పుడు నేను కూడా ఆయనలాగే గోడవైపు తిరిగి నిలబడతాను.